నమిలి త్రాగే తేనీరు

మన పెద్దలు ఆహారాన్ని భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం, పానీయం అని ఐదు తెగలు చేసినారు. కొరికి నమిలేది భక్ష్యం. అన్నం వలె మెత్తగా ఆరగించేది భోజ్యం. నాకేది లేహ్యం. పీల్చుకొనేది చోష్యం. త్రాగేది పానీయం. ముప్పది ఏండ్లుగా ఈ విభజనను తరగతిలో చెబుతూ వచ్చిన నాకు, ఇందులో ఇమడని పదార్థం ఒకటి లోకంలో ఉంటుందని ఎన్నడూ తోచలేదు.

మొన్న వేసవిలో జవాబుపత్రాలు దిద్దే పనిమీద హైదరాబాదు వెళ్ళినాను. ఒకనాటి సాయంకాలం నా పూర్వవిద్యార్థిని ఒకామె, ఇప్పుడు తానూ పంతులమ్మే, నన్ను ఒక చల్లని అంగడికి తీసుకొనిపోయి పారదర్శకమైన పెద్ద గ్లాసు ఒకటి చేతిలో పెట్టినది. పైన మూత బిగించి ఉన్నది. లోపల లేతగోధుమ రంగు ద్రవం, మంచుముక్కలు. అడుగున పిల్లలాడుకొనే గోళీలను చిన్నవి చేసినట్లు నల్లని గుండ్లు. మూతను చీల్చుకొని దిగిన గొట్టం నా చిటికెనవ్రేలంత లావున ఉన్నది.

‘‘దీన్ని బబుల్ టీ అంటారు మాస్టారూ. ముందు పీల్చండి, తరువాత నమలండి, ఆ తరువాత మ్రింగండి’’ అన్నది.

పీల్చినాను. చోష్యం. నమిలినాను. భక్ష్యం. మ్రింగినాను. పానీయం. ఒక్క గుక్కలో మూడు తెగలు! గుండును పంటి క్రింద రెండవసారి నొక్కినప్పుడు మాత్రం నాలుకకు పాతచుట్టం ఎదురైనట్లు అయినది. ‘‘అమ్మాయీ, ఇది సగ్గుబియ్యం గదా!’’ అన్నాను. ఆమె నవ్వి, ‘‘ఆ మాట ఇక్కడ గట్టిగా అనకండి మాస్టారూ, ధర తగ్గించవలసి వస్తుంది’’ అన్నది.

నా ఊహ తప్పు కాదు. ఆ నల్లని గుండూ మన వంటింటి తెల్లని సగ్గుబియ్యమూ ఒక్క దుంప బిడ్డలే. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు, భాష చెప్పుకొని బ్రతికేవాడిని గనుక, పేర్ల దగ్గర మొదలు పెడతాను.

ఈ ఆకుకు ప్రపంచభాషలలో ఉన్న పేర్లు చాలవరకు రెండే కుటుంబాలకు చెందినవి. చీనాదేశంలో ఎక్కువ ప్రాంతాలలో దాని పేరు ‘ఛా’. ఆగ్నేయతీరంలోని ఫుజియన్ ప్రాంతపు హొక్కియన్ మాటలో మాత్రం అది ‘తే’. భూమార్గాన ఒంటెలమీద పోయిన సరకు వెంట ‘ఛా’ పోయి పారసీకంలో, హిందుస్తానీలో ‘చాయ్’ అయినది. ఆ తీరపు రేవుల నుంచి డచ్చివారి ఓడలెక్కిన సరకు వెంట ‘తే’ పోయి ఇంగ్లీషులో ‘టీ’ అయినది. తెలుగువారు ఔదార్యంతో రెంటినీ ఉంచుకొన్నారు. హైదరాబాదు వీథిలో ‘చాయ్’, బెజవాడ బస్సుస్టాండులో ‘టీ’. ఇక పుస్తకాలలో వ్రాసే ‘తేయాకు’, ‘తేనీరు’ అన్న మాటలున్నవే, వాటిలోని ‘తే’కు ఇంగ్లీషు ‘టీ’ కంటె ఆ హొక్కియన్ రూపమే దగ్గరగా వినిపిస్తుంది. తేనీరు అంటే తేనెవంటి నీరని పరీక్షలలో వ్రాసే విద్యార్థులు ఏటేటా ఉంటారు. తప్పే అయినా తీయని తప్పు గనుక అర మార్కు వేయబుద్ధి అవుతుంది. ఫుజియన్ ఎదుట, సముద్రపు జలసంధికి ఆవల ఉన్న దీవి తైవాన్. ఆ దీవిలో పాతకాపుల ఇళ్ళలో నేటికీ వినిపించేది ఆ హొక్కియన్ మాటయే. అక్కడి అవ్వ ‘తే’ అంటే మన తేయాకులోని మొదటి అక్షరం పలికినట్లే ఉంటుంది. బబుల్ టీ పుట్టిన నేల అదే.

తేనీటిలో పాలు కలపడం మాత్రం అంత నిర్వివాదంగా వచ్చిన ఆచారం కాదు. 8వ శతాబ్దిలో తేనీటిమీద శాస్త్రగ్రంథమే వ్రాసిన లూ యూ అనే చీనా పండితుడు ఉల్లి, అల్లం, రేగుపండు, నారింజతొక్క మొదలైనవి వేసి కాచిన తేనీటిని మురుగునీటితో పోల్చినాడు. ఉప్పుకు మాత్రం అనుమతి ఇచ్చినాడు. ఆయన మన వీథిచివర అల్లం చాయ్ బండి దగ్గరకు వచ్చి ఉంటే ఏమయ్యేదో! కాని పశువుల మందలతో బ్రతికే జాతులు ఆ పండితుని లెక్కపెట్టలేదు. మంగోలులు పాలూ ఉప్పూ వేసి కాచినారు. టిబెట్టువారు జడలబఱ్ఱె వెన్న వేసి చిలికినారు. చలిగాలిలో మైళ్ళకొద్దీ నడిచేవానికి అది కాలక్షేపపు పానీయం కాదు, ఆహారమే.

తక్కిన ఆసియాలో పాలతేనీరు ఎక్కువగా ఓడరేవులలో, తోటలలో, పరాయి పాలనల నీడలో పెరిగినది. హాంగ్‌కాంగులో బ్రిటిషువారు త్రాగే పాలటీని చూచి అక్కడి చిన్న హోటళ్ళవారు తమ మార్గాన ఒకటి కల్పించినారు. సింహళపు తేయాకు రకాలను కలిపి చిక్కగా మరిగించి, పొడవైన గుడ్డసంచిలో పదేపదే వడపోసి, డబ్బాలలో వచ్చే చిక్కని పాలు కలుపుతారు. మరిగి మరిగి రంగెక్కిన ఆ సంచి పట్టుమేజోడు వలె కనబడుతుంది గనుక దానికి ‘పట్టుమేజోడు టీ’ అని పేరు. వినగానే త్రాగబుద్ధి పుట్టే పేరు కాదనుకొంటాను. కాని ఆ విద్యను హాంగ్‌కాంగు ప్రభుత్వం 2017లో తన సాంస్కృతిక వారసత్వపు ప్రధానపట్టికలో చేర్చినది.

మలేషియాలోనిది ‘తే తారిక్’. ‘తారిక్’ అంటే లాగడం. రెండు పాత్రలను ఎత్తుకూ పల్లానికీ పట్టి, ఒకదానిలోనుంచి ఒకదానిలోనికి బారెడు ధారగా పోస్తూ నురుగు తెప్పిస్తారు. మన చాయ్‌వాలా చేసే పనే. ఆశ్చర్యం లేదు. దక్షిణభారతం నుంచి వెళ్ళిన ముస్లిము వర్తకులే ఆ విద్యను అక్కడ నిలిపినారు. రబ్బరుతోటల కూలీలు వారికి తొలి గిరాకీ. ఆ తోటలకు మన ఉత్తరకోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కిపోయిన తెలుగువారు వేలకొలది. తెల్లవారకముందే చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసి, ఎండెక్కిన తరువాత తోటవాకిట నిలబడి ఆ తియ్యని నురుగు టీ త్రాగినవారిలో మన శ్రీకాకుళం, విశాఖల వాళ్ళూ ఉండి ఉంటారు. మలేషియా ఉదయపు ఫలాహార సంస్కృతిని యునెస్కో 2024 డిసెంబరులో తన పట్టికలోనికి ఎక్కించినప్పుడు తే తారిక్ కూడ అందులో ఉన్నది. ఆ కూలీల పేర్లు ఏ పట్టికలోనూ లేవు.

మనదేశంలోనూ ఇది పురాణకాలపు పానీయం కాదని విద్యార్థులకు గుర్తు చేయాలి. తేయాకుమీద వేసిన సుంకంతో ప్రచారం చేయడానికి 1903లో చట్టం వచ్చినది. ఆ తరువాతి దశాబ్దాలలో రైలుస్టేషన్లలోనూ సంతలలోనూ టీ ఎట్లా కాచుకోవాలో బోర్డులు కట్టి నేర్పినారు. గాంధీజీ ఆరోగ్యం మీద వ్రాసిన పుస్తకంలో టీని సమర్థించలేదు. ప్రచారమూ నిషేధమూ రెండూ విన్న మన జనం అందులో పాలూ చక్కెరా దండిగా పోసి తమదిగా చేసుకొన్నారు.

ఇక తైవాను. ఈ దీవి తేనీటికి క్రొత్తది కాదు. 1869లోనే ఇక్కడి ఊలాంగు తేయాకు ‘ఫార్మోసా’ పేరుతో ఓడలలో న్యూయార్కు చేరినది. 1895 నుంచి 1945 వరకు జపాను ఏలుబడిలో ఉన్న కాలంలో మన అస్సాము తేయాకు విత్తనాలను తెప్పించి ఆ దీవి నడుమ ఉన్న కొండల సరస్సు పరిసరాలలో నాటినారు. చిక్కగా దిగే ఆ ఎఱ్ఱని తేనీరు పాలకు తట్టుకొంటుంది. ఇప్పటికీ తైవాను అంగళ్ళ పట్టికలలో ‘అస్సాము’ అన్న మాట కనబడుతుంది. అస్సాములో త్రాగేవారికి ఆ సంగతి తెలియునో తెలియదో.

1980 దశకంలో అక్కడ క్రొత్త అలవాటు ఒకటి ప్రబలినది. మద్యశాలలలో వాడే మూతచెంబులో తేనీరు, చక్కెరపాకం, మంచు వేసి గిలకొట్టి, నురుగుతో చల్లగా ఇచ్చేవారు. వేడితేనీరు తప్ప ఎరుగని పెద్దలకు అది అపచారంగానే తోచి ఉంటుంది. ‘బబుల్’ అన్న మాట మొదట ఆ నురుగును గురించినదే. గుండ్లను గురించినది కాదు. గుండ్లు తరువాత వచ్చినవి. ఎవరు వేసినారు?

ఇక్కడ రెండు ఊళ్ళకు తగవు. తైచుంగు నగరంలో లియు హాన్-చియె 1983లో మొదలుపెట్టిన ‘చున్ షుయి తాంగ్’ అంగడివారి కథ ఇది. తమ ఉద్యోగిని లిన్ సియు-హుయ్ 1980 దశకం చివర ఒకనాడు సమావేశంలో కూర్చుండి, తాను తెచ్చుకొన్న ‘ఫెన్ యువాన్’ అనే పిండిగుండ్ల మిఠాయిని సరదాకు చల్లని తేనీటిలో ఒంపినదట. అందరికీ నచ్చినదట. తైనాను నగరంలోని ‘హాన్లిన్’ అంగడి యజమాని తు త్సుంగ్-హో చెప్పే కథ వేరు. 1986లో అంగడి పెట్టబోతూ బజారులో తిరుగుతుండగా, చిన్ననాడు తిన్న తెల్లని ఫెన్ యువాన్ కంటబడినదట. తేనీటిలో వేస్తే ముత్యాల వలె మెరిసినదట. ఆ మెరుపును బట్టియే ‘ముత్యాల తేనీరు’ అని పేరు పెట్టినానని ఆయన వాదం. చీనాభాషలో నేటికీ దీని అసలు పేరు ‘చెన్‌చూ నైఛా’, అనగా ముత్యాల పాలతేనీరు. ముత్యాల నగరమైన హైదరాబాదులో ఈ అందమైన పేరును వదలి ‘బబుల్’ అని పలకడం నాకు కష్టంగా ఉన్నది. ‘బోబా’ అని మరొక పేరున్నది. పెద్ద గుండ్లకు పెట్టిన ఆ వీథిమాట మూలార్థం తరగతిగదిలో వివరింపదగినది కాదు. అమెరికాలో కాలిఫోర్నియాకు వలసపోయిన తైవానువారి వెంట అదే ఎక్కువగా ప్రచారమైనది.

రెండు అంగళ్ళవారూ న్యాయస్థానానికి ఎక్కినారు. పదేండ్లు నడచిన ఆ వ్యాజ్యం 2019లో ముగిసినది. న్యాయస్థానం అభిప్రాయమేమంటే, ఇది ఎవరూ హక్కుపత్రం పుచ్చుకొన్న వస్తువు కాదు. ఎవరైనా చేసి అమ్ముకోవచ్చును. కనుక మొదట ఎవరు చేసినారన్నది తేల్చవలసిన పని లేదు. రసగుల్లా కొరకు వంగదేశమూ ఒరిస్సా పోట్లాడుకొని, 2017లో ఒకరు, 2019లో ఒకరు వేరువేరుగా భౌగోళిక గుర్తింపు తెచ్చుకొన్న సంగతి మనకు తెలిసినదే. ఈ రెండు తీర్పులలో ఏది మేలన్నది విద్యార్థుల చర్చాగోష్ఠికి తగిన అంశం. నా మటుకు తైవాను మార్గమే నచ్చినది. హక్కు ఎవరికీ దక్కలేదు గనుకనే ఆ గ్లాసు నా చేతికి వచ్చినది.

ఇప్పుడు ఆ గుండు సంగతి. మన సగ్గుబియ్యంలో బియ్యం లేదు; ఇప్పుడు సగ్గు కూడ లేదు. ‘సాగు’ అనేది మలయా దీవులలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు. దాని బోదెను చీల్చి లోపలి గుజ్జునుంచి పిండి తీసేవారు. ఆ పిండిగుండ్లే మొదట ఓడలలో మనకు వచ్చినవి, పేరు వెంటబెట్టుకొని. కర్రపెండలం వేరుదారిన వచ్చినది. దాని జన్మభూమి బ్రెజిలు. పోర్చుగీసువారు దేశదేశాలకు మోసినారు. 1880–85 నడుమ తిరువాన్కూరును ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు తన ప్రజలకు కరవుకాలపు ఆధారంగా దాని సాగును ప్రోత్సహించినాడు. రెండవ ప్రపంచయుద్ధంలో మలయా నుంచి సరకు ఆగిపోయినప్పుడు సేలం ప్రాంతంలో కర్రపెండలం పిండితో సగ్గుబియ్యం చేయడం మొదలుపెట్టినారు. వస్తువు మారినది, పేరు మారలేదు. భాషలో ఇటువంటి మోసాలు చాలా జరుగుతుంటాయి.

మన గోదావరిజిల్లా మెట్టసీమలో, పెద్దాపురం, సామర్లకోట పరిసరాలలో, ఈ దుంపా ఈ మిల్లులూ ఉన్నవి. కొన్నేండ్ల క్రిందట ఒక మిత్రుని వెంట అటువంటి మిల్లు ఒకటి చూచినాను. పుల్లని వాసన దారిలోనే స్వాగతం చెప్పినది. దుంప తోలు తీసి, కడిగి, నూరి, నీటితో వడకట్టగా వచ్చిన పాలను తొట్లలో నిలవ ఉంచుతారు. తేటను వదలిపెడితే అడుగున పిండి గట్టిగా పేరుకొంటుంది. దానిని చిదిపి గుడ్డ ఉయ్యాలలో వేసి ఊపితే తడిపిండి దొర్లి దొర్లి గుండ్లవుతుంది. జల్లెడ పట్టి, వేడిరేకులమీద కాస్త మగ్గనిచ్చి, ఎండలో ఆరబోస్తారు. పగటిపూట ఆ కళ్ళాలవైపు చూస్తే కళ్ళు జిగేలుమంటాయి. పచ్చిదుంపలో విషగుణం కలదు. ఈ నూరుడూ కడుగుడూ లేకపోతే మనిషికి హాని. రైతుకు ఉన్న బాధ వేరు. దుంప త్రవ్విన తరువాత నిలవ ఉండదు. రెండుమూడు దినాలలో మిల్లుకు చేరకపోతే చెడిపోతుంది. కనుక ధర చెప్పేది మిల్లువాడు, వినేది రైతు. హైదరాబాదు గ్లాసులో ఆ దుంపకు పలికిన ధర తలచుకొంటే ఆ మెట్టరైతు ముఖం నాకు జ్ఞాపకం వచ్చినది.

తైవాను గుండుకు పని కొంచెం వేరు. ఆ పిండినే నల్లబెల్లం వంటి ముతకచక్కెర పాకం మరుగుతుండగా వేసి కలిపి ముద్ద చేస్తారు. ముక్కలు కోసి గుండ్లు చుట్టి, చాలసేపు ఉడికించి, మూత పెట్టి మగ్గనిచ్చి, మళ్ళీ పాకంలో నానవేస్తారు. నలుపు ఆ పాకానిదే. కర్రపెండలం పిండి ఉడికితే అద్దంలా తేటపడి సాగుతుంది. బియ్యపుపిండికి ఆ గుణం లేదు. చల్లారి కొన్ని గంటలు గడిస్తే మళ్ళీ బిరుసెక్కుతుంది. అందుచేత మంచి అంగళ్ళలో ఉదయం ఉడికినది సాయంత్రానికి పారవేస్తారు. పంటికి లొంగుతూనే లొంగనట్లు ఎగిరే ఆ సాగుడుగుణానికి తైవానువారు ఇంగ్లీషు అక్షరమాలలోని ‘క్యూ’ను పేరుగా పెట్టుకొన్నారు. బాగా కుదిరితే ‘క్యూక్యూ’. తెలుగులో దానికి సరియైన మాట కొరకు వెదకినాను. ‘జిగురు’ చాలదు, ‘సాగుడు’ చాలదు. తాటిముంజెను కొరికినప్పటి ఎదురుబలం కొంత దగ్గర.

ఈ పానీయం రాజకీయాలలోనికి కూడ ప్రవేశించినది. 2020 ఏప్రిలులో ఒక థాయి నటుడు హాంగ్‌కాంగును దేశంగా పేర్కొన్న చిత్రానికి మెచ్చికోలు తెలిపినందుకు చీనా జాతీయవాదులు ఇంటర్నెట్టులో విరుచుకొనిపడినారు. థాయి యువకులు హాస్యంతో బదులిచ్చినారు. హాంగ్‌కాంగు, తైవాను యువకులు వారితో చేతులు కలిపినారు. మువ్వురికీ ఉమ్మడి ఏమిటని చూచుకొంటే, ముగ్గురూ తేనీటిలో పాలు పోసుకొనేవారే! అట్లా పుట్టినది ‘పాలతేనీటి కూటమి’. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం అధికారం హరించినప్పుడు అక్కడి యువకులూ ఆ జెండా క్రిందికి వచ్చినారు. రంగూను టీ అంగళ్ళను పెంచినవారిలో మనదేశపు వలసజనం ఎక్కువ. కోరంగి రేవునుంచి పోయిన తెలుగువారిని ‘కోరంగీ’లని పిలిచిన నగరం అది. హాంగ్‌కాంగులోనూ బర్మాలోనూ ఆ యువకులలో ఎందరో చెరసాల చూచినారు, బర్మాలో ఎందరో ప్రాణాలు కోలుపోయినారు. గ్లాసు తమాషాది గాని వెనుకనున్నది తమాషా కాదు.

అయితే ఆ ఉపమానం శాస్త్రీయంగా నిలువదని ఒప్పుకోవలసినదే. మంగోలులూ టిబెట్టువారూ చీనా సరిహద్దులలోపలనే పాలూ వెన్నా కలుపుకొంటున్నారు. నేడు చీనా యువకులే పాలతేనీటిని అందరికంటె ఎక్కువగా వ్యాపారం చేయిస్తున్నారు. జంగ్‌జౌ నగరంలో 1997లో మంచుమిఠాయి బండిగా మొదలైన ‘మీష్యూ’ సంస్థకు 2024 చివరికి 45 వేలకు పైగా అంగళ్ళున్నవి.

ఉపాధ్యాయులు చదువుతున్న పుట గనుక చక్కెర మాట దాటవేయలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది, పెద్దలకు దినానికి అదనపు చక్కెర 50 గ్రాములు మించరాదు, 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలు అని. పాకంలో నానిన గుండ్లు, పాకం పోసిన తేనీరు కలిసిన పెద్ద గ్లాసు ఒక్కటే ఆ హద్దును తాకగలదు. అనేక చోట్ల అందులో పాలు కూడ పాలు కావు. నూనెతో చేసిన పొడి. సింగపూరు ప్రభుత్వం 2023 డిసెంబరు 30 నుంచి అప్పటికప్పుడు కలిపి అమ్మే పానీయాలకు కూడ చక్కెరను బట్టి ఏ, బీ, సీ, డీ అని మార్కులు వేయిస్తున్నది. మార్కులు వేయడం మన వృత్తి గనుక నాకు ఆ పద్ధతి నచ్చినది. తైవానులో 2013లో గుండ్ల పిండిలో అనుమతి లేని రసాయనం బయటపడి పెద్ద అలజడి అయినది. గొట్టాలదీ ఒక గొడవ. 2022 జూలై 1 నుంచి మనదేశంలో ప్లాస్టిక్ గొట్టాలు నిషిద్ధం. నాకిచ్చినది కాగితపుది. సగం త్రాగేసరికి మెత్తబడి, గుండు దానిలో చిక్కుకొని, అరవైకి దగ్గరపడుతున్న మనిషి పదిమందిలో బుగ్గలు లోతుకు పోయేటట్లు పీల్చవలసి వచ్చినది. మా అమ్మాయి తల ప్రక్కకు త్రిప్పుకొన్నది.

ఇంటికి వచ్చిన తరువాత ఆ ముచ్చట మా అమ్మకు చెప్పినాను. ఆమెకు ఎనభై దాటినవి, చక్కెరవ్యాధి ఉన్నది. ‘‘జ్వరం వచ్చినవాళ్ళకు జావ కాచిపోసేది గదరా, దానికి డబ్బిచ్చి త్రాగుతారా?’’ అన్నది. చేసి చూపిస్తానని పంతం పట్టినాను. పెద్దాపురపు లావు సగ్గుబియ్యం నానవేసి, ఉడికించి, చల్లని తేనీటిలో వేసి, పాలు పోసినాను. చక్కెర లేదు. పంటికి తగలాలి గదా అని పొయ్యిమీదనుంచి కాస్త ముందే దించినాను. గుండ్లు పైన తేటపడి నడుమ తెల్లని చుక్కలతో ఉన్నవి.

అమ్మ చెంచాతో రెండు గుక్కలు త్రాగి, కొంతసేపు నమిలినది. నేను ‘క్యూక్యూ’ను గురించి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

‘‘తేనీరు బాగానే ఉన్నది. సగ్గుబియ్యం ఇంకాస్త ఉడకవలసినదిరా’’ అన్నది.